శరీరాన్ని నమ్మించే మందు

తపతీ నది అరేబియా సముద్రంలో కలిసే చోట హజీరా ఉన్నది. సూరత్ నగరం నుంచి అక్కడికి పోయే దారిలో ఎరువుల కర్మాగారం, ఉక్కు కర్మాగారం, సహజవాయువును శుద్ధిచేసే కేంద్రం ఒకదాని తరువాత ఒకటి కనిపిస్తాయి. వాటి ప్రహరీలు దాటితే పొలాలు, తుప్పలు, ఉప్పునీటి బురదనేలలు. ఆ నేల మీద పనిచేసేవారిలో దేశం నలుమూలల వారూ ఉన్నారు. సూరత్ మగ్గాలను నమ్ముకొని తెలంగాణ జిల్లాల నుంచి తరలిపోయిన పద్మశాలీ కుటుంబాల సంగతి తెలుగువారికి కొత్త కాదు.

వానకాలపు రాత్రి అక్కడి ఒక పొలం గట్టు మీద ఎవరో కూలీని పాము కరిచిందనుకుందాం. ఆసుపత్రికి చేర్చేసరికి కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తున్నది. వైద్యుడు విరుగుడు మందు సీసాలు తెప్పిస్తాడు; మొదటి విడతకే ఎనిమిది నుంచి పది సీసాలు కావాలి. ఆ తెల్లని పొడిని నీటిలో కరిగించి సెలైన్‌తో పాటు నరంలోకి ఎక్కిస్తారు. అయితే ఆ పని మొదలుపెట్టే ముందు నర్సు పక్క బల్ల మీద మరొక సిరంజిని సిద్ధంగా ఉంచుతుంది. అందులో ఉన్నది ఎడ్రినలిన్. అది పాము విషానికి విరుగుడు కాదు; విరుగుడుకు విరుగుడు!

ప్రాణం నిలపడానికి ఎక్కించే మందే కొందరిలో దద్దుర్లు, చలిజ్వరం, ఊపిరాడకపోవడం తెచ్చిపెడుతుంది; ఒక్కొక్కసారి రక్తపు పోటు ఒక్కసారిగా పడిపోతుంది. శ్రీలంకలో వెయ్యిమందికి పైగా పాముకాటు రోగులపై జరిపిన ఒక పరిశోధన ఫలితాలు 2011లో వెలువడ్డాయి. భారతదేశంలో తయారైన విరుగుడును పొందిన ఆ 1,007 మందిలో 752 మందికి ఏదో ఒక ప్రతిక్రియ కలిగింది. ముందుగానే స్వల్పమోతాదులో ఎడ్రినలిన్ ఇస్తే తీవ్రమైన ప్రతిక్రియలు బాగా తగ్గుతాయని కూడా ఆ పరిశోధనే తేల్చింది. కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. ఆ సీసాలోని మందు గుర్రం రక్తం నుంచి వచ్చినది.

గుర్రం ఇచ్చిన వరం

పాము విషాన్ని అతి స్వల్పమోతాదుతో మొదలుపెట్టి, వారాల తరబడి పెంచుతూ గుర్రానికి ఎక్కిస్తారు. దాని శరీరం ఆ విషాన్ని గుర్తుపట్టి ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. వాటినే ఇంగ్లీషు వైద్యులు యాంటీబాడీలంటారు. అప్పుడు గుర్రం రక్తం కొంత తీసి, ఎర్రకణాలను తిరిగి దానికే ఎక్కించి, మిగిలిన ద్రవంలో నుంచి ప్రతిరక్షకాలను వేరుచేస్తారు. పెప్సిన్ అనే జీర్ణరసంతో వాటి తోక భాగాన్ని కత్తిరించి, చేతుల భాగాన్ని మాత్రం మిగిల్చి, ఎండబెట్టి సీసాలకెత్తుతారు. తోక తీసివేస్తే ప్రతిక్రియలు కొంత తగ్గుతాయి, పూర్తిగా పోవు. ఇంతాచేసి ఆ సీసాలో విషాన్ని పట్టుకునేవి కొన్ని పాళ్లే. మిగిలినవన్నీ ఆ గుర్రం తన జీవితకాలంలో ఎదుర్కొన్న ఇతర క్రిములకు వ్యతిరేకంగా తయారుచేసుకున్నవి. రోగికి వాటితో ప్రయోజనం లేదు, ప్రమాదం మాత్రం ఉన్నది.

ఇటువంటి మందును తయారుచేసే సంస్థలు మన దేశంలో కొద్దిగానే ఉన్నాయి. వాటిలో ఒకటి హైదరాబాదుకు చెందిన విన్స్ బయోప్రొడక్ట్స్. దాని తయారీశాల నగరానికి దక్షిణంగా తిమ్మాపూర్‌లో ఉన్నది. హజీరాలో కాటుతిన్న కూలీ నరంలోకి ఎక్కేది తెలంగాణలో మేతమేసిన గుర్రం ప్రతిరక్షకాలు అయినా ఆశ్చర్యపోనక్కరలేదు.

ఈ పద్ధతి నిన్నటిది కాదు. జర్మనీలో ఎమిల్ బేరింగ్, జపాను నుంచి వచ్చి అక్కడ పనిచేస్తున్న కిటసాటో 1890లో ధనుర్వాతానికీ, కంఠసర్పికీ విరుగుడు శక్తిని రోగనిరోధకత పొందిన జంతువుల రక్తం నుంచి మరొక జంతువుకు మార్చవచ్చునని చూపించారు. వైద్యశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమానం 1901లో బేరింగ్‌కు లభించింది ఇందుకే. ఫ్రాన్సులో ఆల్బర్ట్ కాల్మెట్ 1890 దశకం మధ్యలో ఇదే ఉపాయాన్ని నాగుపాము విషంపై ప్రయోగించాడు. కంఠసర్పితో ఊపిరాడక మరణిస్తున్న పసిపిల్లలు గుర్రపు సీరమ్‌తో లేచి కూర్చోవడం చూసిన ఆనాటి తల్లిదండ్రులకు అది దేవతల అమృతంగానే తోచి ఉండాలి.

కాని వియన్నాలో ఒక పిల్లల వైద్యుడు ఆ అమృతంలో ఉన్న మరొక గుణాన్ని కనిపెట్టాడు. ఆయన పేరు క్లెమెన్స్ ఫాన్ పిర్కే. సీరమ్ పుచ్చుకున్న పిల్లలలో కొందరు కోలుకున్న తరువాత, సుమారు ఎనిమిది నుంచి పన్నెండు రోజులకు, కొత్త జబ్బుతో మంచమెక్కుతున్నారు: జ్వరం, దద్దుర్లు, కీళ్ల నొప్పులు, గ్రంథుల వాపు. రెండవసారి సీరమ్ ఇచ్చినప్పుడు అవే లక్షణాలు మరింత త్వరగా వస్తున్నాయి. సీరమ్‌లో విషపదార్థమేదైనా ఉంటే అది వెంటనే పనిచేయాలి గాని వారం రోజులు ఎందుకు ఆగాలి? పిర్కే ఇచ్చిన సమాధానం ఆనాటికి సాహసమే. జబ్బు తెస్తున్నది సీరమ్ ఒక్కటే కాదు. దానిని పరాయిదని గుర్తించి పోరాడుతున్న శరీరమే ఆ జబ్బులో సగం భాగస్వామి. ఆ పోరాటానికి కావలసిన ఆయుధాలను తయారుచేసుకోవడానికి దానికి వారం పదిరోజులు పడుతుంది. తన సహచరుడు బేలా షిక్‌తో కలిసి పిర్కే ఈ విషయమై 1905లో ఒక గ్రంథం ప్రకటించాడు. మరుసటి సంవత్సరం ఆయనే 'ఎలర్జీ' అనే మాటను సృష్టించాడు. ఈనాడు ఆ మాట పలకని ఇల్లు లేదు. దాని పుట్టుక వెనుక గుర్రపు రక్తం ఉన్నదని తెలిసినవారు తక్కువ.

ఎలుక వేషం

ఆ తరువాత డెబ్బై సంవత్సరాల పాటు ఈ చిక్కుముడి విప్పడానికి సరైన సాధనం దొరకలేదు. 1975లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో అర్జెంటీనా దేశస్థుడైన సీజర్ మిల్‌స్టీన్, జర్మనీ నుంచి వచ్చిన యువకుడు జార్జ్ కోలర్ ఒక విచిత్రమైన పెళ్లి చేశారు. ఎలుకలో ప్రతిరక్షకాలను తయారుచేసే కణం కొద్దిరోజులే బతుకుతుంది. కాన్సరు కణానికి చావు లేదు. ఈ రెండింటినీ కలిపి ఒకే కణంగా మారిస్తే, అది కోరిన ఒకే ఒక ప్రతిరక్షకాన్ని ఎడతెగకుండా తయారుచేస్తూ పోతుంది. వందరకాల కలగూరగంప స్థానంలో ఒకే రకం, ఒకే గురి. 1984లో వారిద్దరికీ నోబెల్ బహుమానం లభించింది. ఈ పద్ధతిపై పేటెంటు తీసుకోలేదు. దాని మీద తరువాత లేచిన వ్యాపారం విలువ చూసినవారికి అది ఎంత పెద్ద దానమో అర్థమవుతుంది.

1986లో ఇటువంటి మొదటి మందు అమెరికాలో అనుమతి పొందింది. మూత్రపిండం మార్పిడి చేసుకున్నవారి శరీరం ఆ కొత్త అవయవాన్ని తిరస్కరించకుండా ఆపడం దాని పని. పని చేసింది. కాని అది నూటికి నూరుపాళ్లూ ఎలుక ప్రోటీను. చాలామంది రోగుల శరీరం దానికి వ్యతిరేకంగా తన సొంత ప్రతిరక్షకాలను తయారుచేసింది. రెండవసారి అదే మందు ఇవ్వబోతే అది గురిచేరకముందే పట్టుబడిపోయేది. పిర్కే చూసిన గుర్రపు కథే ఎలుక వేషంలో తిరిగి వచ్చిందన్నమాట. దీనికి తోడు మరొక లోపం. మనిషి ప్రతిరక్షకం రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. ఎలుక ప్రతిరక్షకం ఒకటి రెండు రోజులలోనే ఆ స్థితికి వస్తుంది. మన రక్తనాళాల లోపలి కణాలు మన ప్రతిరక్షకాలను గుర్తుపట్టి, నాశనం కాకుండా తిరిగి రక్తంలోకి పంపిస్తాయి. ఎలుక ప్రతిరక్షకానికి ఆ మర్యాద దొరకదు.

ఇక్కడ ప్రతిరక్షకం ఆకారాన్ని ఒకసారి చూడాలి. ఇంగ్లీషు అక్షరం వై లాగ దానికి రెండు చేతులు, ఒక తోక ఉంటాయి. సుమారు 1,300 అమినో ఆమ్లాలతో అల్లిన నాలుగు గొలుసులు కలిసి ఆ ఆకారాన్ని ఏర్పరుస్తాయి. తోక శరీరంతో మాట్లాడుతుంది: తక్కిన రక్షక కణాలను పిలిచేది, రక్తంలో ఎక్కువకాలం నిలిపేది అదే. చేతుల కొసలు శత్రువును పట్టుకుంటాయి. ఆ కొసలలో కూడా పట్టుకునే పని చేసేవి ఆరు చిన్న మడతలు మాత్రమే. 1970లో అమెరికాలో వూ, కబాట్ అనే శాస్త్రజ్ఞులు అప్పటికి తెలిసిన ప్రతిరక్షకాల క్రమాలన్నిటినీ వరుసగా పేర్చి పోల్చి చూశారు. ఒక ప్రతిరక్షకానికీ మరొకదానికీ తేడా ఎక్కువగా ఉన్నది కొద్దిచోట్లనే. శత్రువును పట్టే వేళ్లు అవేనని వారు ఊహించారు. ఆ ఊహ నిజమైంది. మిగిలినదంతా ఆ వేళ్లను నిలబెట్టే చట్రం.

హైదరాబాదులో ఒక మజిలీ

మొదటి ఉపాయం సులభంగానే తోచింది. ఎలుక ప్రతిరక్షకం చేతుల కొసలను మాత్రం ఉంచి, తోకతో సహా తక్కిన భాగమంతా మనిషిది పెట్టడం. 1984లో అమెరికాలోనూ కెనడాలోనూ ఈ పని సాధించారు. మూడింట ఒక వంతు ఎలుక, రెండు వంతులు మనిషి: సంకర ప్రతిరక్షకం. నరసింహావతారం మన పురాణాలకు కొత్త కాదు గనుక తెలుగు పాఠకుడికి ఈ ఊహ వింతగా తోచకపోవచ్చు.

ఈ వర్గంలో పేరుపొందినది రిటుక్సిమాబ్. లింఫ్ గ్రంథుల కాన్సరులో చెడిపోయిన బి-కణాలను వెతికి పట్టుకునే ఈ మందు 1997లో అమెరికాలో అనుమతి పొందింది. అప్పటిదాకా మందులతో వాంతులు, జుట్టు రాలడం భరించినా నెలలకే జబ్బు తిరగబెట్టిన రోగులకు అది కొత్త ఆశ. కాని విదేశీ మందు ధర చూసి మన దేశంలో చాలా కుటుంబాలు మొదటి విడత దగ్గరే ఆగిపోయేవి.

గుంటూరు జిల్లా తాడేపల్లిలో జన్మించిన కల్లం అంజిరెడ్డి 1984లో హైదరాబాదులో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ 2007లో ఈ మందుకు తన సొంత రూపాన్ని రెడిటక్స్ అనే పేరుతో మార్కెట్టులోకి తెచ్చింది. ధర విదేశీ మందులో సుమారు సగం. ప్రపంచంలోనే ఒక మోనోక్లోనల్ ప్రతిరక్షకానికి వచ్చిన మొదటి అనుకరణ ఇదేనని పరిశ్రమ వర్గాలు పేర్కొంటాయి. ఐరోపాలో ఈ తరగతికి చెందిన మొదటి మందుకు అనుమతి 2013లో గాని రాలేదు.

అనుకరణ అంటే తేలిక పని అనుకోరాదు. ఆస్పిరిన్ వంటి మందు అణువులో ఇరవై ఒక్క పరమాణువులుంటే, ఒక్క ప్రతిరక్షకంలో ఇరవై వేల వరకు ఉంటాయి. దానిని గాజు పాత్రలో రసాయనాలు కలిపి తయారుచేయలేరు. చైనా హామ్‌స్టర్ అనే చిట్టెలుక వంటి జంతువు అండాశయ కణాలలోకి ఆ జన్యువును చొప్పించి, పెద్ద ఉక్కు పాత్రలలో పోషకద్రవంలో ఆ కణాలను పెంచుతారు. కణాలే మందును ఊరిస్తాయి. ఉష్ణోగ్రత కొద్దిగా మారినా, పోషకద్రవం మారినా ప్రతిరక్షకానికి అంటుకునే చక్కెర గొలుసులు మారతాయి. వంటవాడొకడే, బియ్యమొకటే అయినా పొయ్యి మారితే అన్నం మారినట్లు. ఇది వట్టి చాదస్తం కాదు. 1998 తరువాత ఐరోపాలో మూత్రపిండాల రోగులకిచ్చే ఒక రక్తవర్ధక ప్రోటీనులో నిలవ ఉంచే పదార్థాన్ని మార్చారు. ఆ తరువాత కొందరు రోగుల శరీరం ఆ మందుకే కాక తన సొంత ప్రోటీనుకు కూడా వ్యతిరేకంగా ప్రతిరక్షకాలను తయారుచేయడంతో వారి ఎముకల మజ్జలో ఎర్రకణాల ఉత్పత్తి ఆగిపోయింది. అందుకే ఇటువంటి అనుకరణ మందులను అసలు మందుతో అడుగడుగునా పోల్చి చూపాలని భారత ప్రభుత్వం 2012లో ప్రత్యేక మార్గదర్శకాలు జారీచేసింది. ఆ నియమాలు కొంచెం ముందే వచ్చి ఉంటే వైద్యులకు మరింత ధైర్యంగా ఉండేదని చెప్పక తప్పదు.

రిటుక్సిమాబ్ విషయంలో ఒక చమత్కారమున్నది. అందులో మూడో వంతు ఎలుకదైనా, లింఫ్ కాన్సరు రోగులలో నూటికి ఒకరిలో మాత్రమే దానికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు కనిపించాయి. ఎందుకంటే తిరుగుబాటు చేయవలసిన బి-కణాలనే ఆ మందు ముందుగా తుడిచిపెడుతుంది. అదే మందును కీళ్లవాతానికి వాడినప్పుడు ఆ సంఖ్య నూటికి పదకొండుకు పెరిగింది. మందు ఒకటే, రోగి వేరు.

అంటుకట్టిన మామిడి

సంకరంతో తృప్తిపడనివాడు కేంబ్రిడ్జిలోనే మరొకడున్నాడు: గ్రెగ్ వింటర్. చేతుల కొసలలో పట్టుకునేవి ఆరు మడతలే అయినప్పుడు, కొస మొత్తాన్ని ఎలుకదిగా ఉంచడం ఎందుకు? ఆ ఆరు మడతలను మాత్రం తీసి మనిషి ప్రతిరక్షకం చట్రం మీద అంటుకడితే సరిపోదా? నాటు మామిడి కాండం మీద బంగినపల్లి కొమ్మ అంటుకట్టడం మన రైతుకు చిన్ననాటి విద్య. వేరు నేలకు అలవాటుపడినది, పండు కోరినది. 1986లో వింటర్ బృందం ఒక నమూనా ప్రతిరక్షకంపై ఈ ప్రయోగం చేసి ఫలితాన్ని ప్రకటించింది. అంటు బతికింది.

రోగికి పనికివచ్చే మందుపై ప్రయత్నించినప్పుడే అసలు కష్టం ఎదురైంది. కేంబ్రిడ్జిలోనే హెర్మన్ వాల్డ్‌మన్ బృందం తయారుచేసిన కాంపాత్ అనే ప్రతిరక్షకం పెద్దజాతి ఎలుక నుంచి వచ్చినది. అది చెడిపోయిన తెల్లరక్తకణాలను నాశనం చేస్తుంది. దాని ఆరు మడతలను మనిషి చట్రం మీద అంటుకట్టగా, పట్టు సడలిపోయింది. మడతలు సరిగానే ఉన్నాయి. మరి లోపం ఎక్కడ? చట్రంలో, ఒక మడతను ఆనుకొని ఉన్న 27వ స్థానంలో దొరికింది. ఎలుక ప్రతిరక్షకంలో అక్కడ ఫినైల్ అలనైన్ అనే పెద్ద అమినో ఆమ్లం ఉన్నది. తీసుకున్న మనిషి చట్రంలో సెరీన్ అనే చిన్నది. పెద్దది ఉన్నచోట చిన్నది రాగానే పైనున్న మడత ఒరిగిపోయింది. ఆ ఒక్క అమినో ఆమ్లాన్ని తిరిగి పెట్టగా పట్టు తిరిగి వచ్చింది. తలుపు మూసుకోవడం లేదని తలుపును చెక్కుతూ పోయిన వడ్రంగికి, లోపం గుమ్మంలోని ఒక చీలలో ఉన్నదని తెలిసినట్లయింది.

1988లో ఈ మానవీకృత ప్రతిరక్షకాన్ని లింఫ్ కాన్సరు ముదిరిన ఇద్దరు రోగులకు ఇచ్చారు. ఇద్దరిలోనూ కాన్సరు గడ్డలు కరిగాయి. రోజుల తరబడి మందు ఎక్కించినా దానికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు కనిపించలేదు. పిర్కే గ్రంథం వెలువడిన 83 సంవత్సరాలకు మనిషి శరీరం ఒక ఎలుక జాతి ఆయుధాన్ని తనదేనని నమ్మింది.

మరుసటి సంవత్సరం అమెరికాలో కేరీ క్వీన్ బృందం ఈ విద్యకు కొంత శాస్త్రం చేకూర్చింది. ఏదో ఒక మనిషి చట్రాన్ని తీసుకోవడం కాక, ఎలుక చట్రానికి అన్నిటికంటె దగ్గరి పోలిక ఉన్న మనిషి చట్రాన్ని వెతికి తీసుకోవడం. కంప్యూటరుపై నమూనా కట్టి మడతలకు ఆసరా ఇచ్చే స్థానాలను గుర్తించి, వాటిని మాత్రం ఎలుకవిగా వదిలివేయడం. ఇలా తయారైన డాక్లిజుమాబ్ 1997లో అమెరికాలో అనుమతి పొందిన తొలి మానవీకృత ప్రతిరక్షకమైంది.

ఈ చట్రపు బేరం ఎంత సున్నితమైనదో రొమ్ము కాన్సరు మందు ట్రాస్టుజుమాబ్ కథ చెబుతుంది. కాలిఫోర్నియాలో పాల్ కార్టర్ బృందం ఆరు మడతలను మాత్రమే అంటుకట్టిన మొదటి రూపం కాన్సరు కణాల పెరుగుదలను ఆపలేకపోయింది. చట్రంలో కొన్ని స్థానాలను మార్చుతూ పోయి, ఎనిమిదవ రూపం దగ్గర ఆగారు. అది మొదటి రూపం కంటె 250 రెట్లు గట్టిగా పట్టుకున్నది. విచిత్రమేమంటే, అసలు ఎలుక ప్రతిరక్షకం కంటె కూడా మూడురెట్లు గట్టిగా! 1992లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. 1998లో మందు రోగులకు అందింది. మనిషి తోక ఉండడం వల్ల దానికి మరొక బలం కలిసి వచ్చింది. కాన్సరు కణాన్ని పట్టుకొని ఊరుకోక, మన రక్షక కణాలను అక్కడికి పిలవగలదు. ఎలుక రూపానికి ఆ శక్తి లేదు.

నమ్మకం చెడినప్పుడు

మానవీకరణతో కథ సుఖాంతమైందనుకుంటే పొరపాటు. రక్తంలో కొవ్వును తగ్గించడానికి తయారైన బోకోసిజుమాబ్ అనే మానవీకృత ప్రతిరక్షకాన్ని వేలాది మందిపై పరీక్షించారు. మొదట్లో కొవ్వు బాగా తగ్గింది. నెలలు గడిచిన కొద్దీ కొందరిలో తిరిగి పెరగసాగింది. చూడగా, మందు తీసుకున్నవారిలో 48 శాతం మంది శరీరాలు దానికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలను తయారుచేసుకున్నాయి. 2016లో ఆ కంపెనీ మందును వదిలివేసింది. అదే పని చేసే, పూర్తిగా మనిషి ప్రతిరక్షకాలైన ఇతర మందులు నిలబడ్డాయి. ఆరు మడతలు, నాలుగు చట్రపు స్థానాలు అనే లెక్కలో ఎక్కడో మిగిలిన కొద్దిపాటి ఎలుకతనానికి ఇంత మూల్యం.

పూర్తిగా మనిషిదైతే భయం లేదా? మనిషి జన్యువులను చొప్పించిన ఎలుకల నుంచి, లేదా గ్రెగ్ వింటర్ అభివృద్ధిచేసిన వైరస్ పద్ధతిలో, ఎలుక వాసనే లేని ప్రతిరక్షకాలు ఈనాడు తయారవుతున్నాయి. ఈ వైరస్ పద్ధతికే వింటర్‌కు 2018లో నోబెల్ బహుమానంలో భాగం దక్కింది. ఆ పద్ధతిలో పుట్టి 2002 చివరిలో అనుమతి పొందిన అడాలిముమాబ్ కీళ్లవాతానికి ప్రఖ్యాతమైన మందు. కాని నెదర్లాండ్స్‌లో మూడు సంవత్సరాల పాటు గమనించిన 272 మంది రోగులలో 76 మంది శరీరాలు దానికీ ఎదురుతిరిగాయి. కారణం ఆలోచిస్తే ఆశ్చర్యం కలగదు. ప్రతి ప్రతిరక్షకం వేళ్ల ఆకారం దానికే ప్రత్యేకం. నీ పొరుగువాడి వేలిముద్ర కూడా నీకు పరాయిదే. పైగా మన కణాలు పరాయి ప్రోటీనును ముక్కలుగా కోసి తమ ఉపరితలం మీద ప్రదర్శించే పలకలు మనిషి మనిషికీ వేరు. ఒకరి పలక మీద నిలిచే ముక్క మరొకరి పలక మీద నిలవదు. అందుచేత ఈనాటి శాస్త్రజ్ఞులు ప్రతిరక్షకం క్రమాన్ని కంప్యూటరులో చదివి, ఏ ముక్కలు ఎక్కువమంది పలకల మీద నిలుస్తాయో లెక్కకట్టి, పట్టు చెడకుండా ఆ ముక్కలను మార్చుతున్నారు. మందు గడ్డకట్టకుండా చూడటం కూడా అంత ముఖ్యమే. ముద్దగా చేరిన ప్రోటీనును శరీరం వైరస్‌గా భ్రమపడుతుంది.

ఒక్కొక్కసారి దోషం ప్రోటీనులో ఉండనే ఉండదు. పెద్దప్రేగు కాన్సరుకు వాడే సెటుక్సిమాబ్ అనే సంకర ప్రతిరక్షకం అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలలో మాత్రం చాలామందికి మొదటి మోతాదుతోనే తీవ్రమైన ప్రతిక్రియ కలిగించింది. దేశంలో ఇతరచోట్ల అంతగా లేదు. 2008లో కారణం బయటపడింది. ఎలుక కణాలలో తయారైన ఆ మందుపై ఒక చక్కెర అంటుకొని ఉన్నది. మనిషి శరీరంలో అది ఉండదు. ఆ ప్రాంతపు అడవులలో ఒక జాతి పిడుదు కరిచినవారికి అదే చక్కెరపై ముందే వైరం ఏర్పడి ఉన్నది. వారిలో కొందరు గొడ్డుమాంసం తిన్నా కొన్ని గంటలకు దద్దుర్లతో బాధపడేవారు. ఎక్కడి పిడుదు, ఎక్కడి ప్రేగు కాన్సరు!

మళ్లీ పొలం గట్టు మీదికి

ఇన్ని కోట్ల ఖర్చుతో సాధించిన ఈ విద్య కాన్సరుకూ, కీళ్లవాతానికీ, కొవ్వుకూ ఉపయోగపడినంతగా పాముకాటుకు ఎందుకు ఉపయోగపడలేదు? పాముకాటు పేదవాడి జబ్బు. 2000 నుంచి 2019 వరకు భారతదేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది మరణించారని, సగటున ఏటా 58 వేల మంది అని, 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఆ మరణాలలో దాదాపు 70 శాతం ఎనిమిది రాష్ట్రాలలోనే సంభవించాయి. వాటిలో గుజరాత్ ఉన్నది; ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నది.

శాస్త్రపరమైన చిక్కు కూడా లేకపోలేదు. కాన్సరు మందుకు గురి ఒకటే. పాము విషంలో డజన్ల కొద్దీ ప్రోటీనులుంటాయి; నాగుపాముది నరాలను పట్టేది, రక్తపింజరిది రక్తాన్ని విరిచేది. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. మన దేశంలో విరుగుడు తయారీకి వాడే విషంలో అధికభాగం తమిళనాడులో ఇరుళ గిరిజనులు 1978లో ఏర్పరచుకున్న సహకార సంఘం పట్టే పాముల నుంచి వస్తున్నది. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో కార్తీక్ సునగర్ బృందం జరిపిన పరిశోధనలు, ఆ విరుగుడు దేశంలోని కొన్ని ప్రాంతాల పాములపై అంత బాగా పనిచేయడం లేదని చూపించాయి. సూరత్‌కు దక్షిణాన వల్సాడ్ జిల్లా ధరంపూర్‌లో సర్ప పరిశోధన సంస్థ నెలకొల్పి గుజరాత్ పాముల విషాన్నే సేకరించే ప్రయత్నం మొదలుపెట్టడం ఈ కారణం చేతనే.

ఇదే బెంగుళూరు బృందం అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థతోనూ, ఇంగ్లండులోని లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య విద్యాలయంతోనూ కలిసి 2024లో ఒక ముఖ్యమైన ఫలితం ప్రకటించింది. గుర్రం అక్కరలేదు, ఎలుక అక్కరలేదు. కోట్ల కొద్దీ మనిషి ప్రతిరక్షకాల నమూనాలను ప్రయోగశాలలో ఈస్టు కణాల మీద తయారుచేసి, నాగుపాము, కట్లపాము జాతుల విషాలలో ఉండే ఒక నరవిష కుటుంబాన్ని గట్టిగా పట్టుకునేదాని కోసం జల్లెడ పట్టారు. దొరికిన ప్రతిరక్షకానికి 95మాట్5 అని పేరు. మన కండరాల మీద ఆ విషం వచ్చి కూర్చునే పీఠం ఆకారాన్నే ఈ ప్రతిరక్షకం అనుకరిస్తుంది. విషం అసలు పీఠమనుకొని దీనిని పట్టుకొని కూర్చుండిపోతుంది. పాము విషం తన ఆకారాన్ని మార్చుకొని దీని నుంచి తప్పించుకుందామంటే మన కండరాల మీది పీఠాన్ని కూడా పట్టుకోలేదు. ఆసియాలోనూ ఆఫ్రికాలోనూ వేర్వేరు జాతుల విషం ఎక్కించిన చిట్టెలుకలను ఇది చావు నుంచి కాపాడింది.

మనుషులపై పరీక్షలు ఇంకా ముందున్నాయి. 95మాట్5 ఒక రకపు నరవిషానికే విరుగుడు. రక్తపింజరి విషాన్ని అది తాకదు. పింజరి జాతుల విషాలకు తగిన ప్రతిరక్షకాలు కూడా దొరికి, నాలుగైదింటిని ఒకే సీసాలో కలపగలిగితే గాని పొలం గట్టు మీది మనిషికి అది మందు కాదు. ధర ప్రశ్న సరేసరి. ఉక్కు పాత్రలలో హామ్‌స్టర్ కణాలను పెంచి ప్రతిరక్షకం తీయడం హైదరాబాదుకు చేతనైన పనేనని 2007లోనే రుజువైంది. కాని కాన్సరు మందు సగం ధరకు అమ్మినా లాభం మిగులుతుంది. పాముకాటు మందును కొనేది జిల్లా ఆసుపత్రి. అది టెండరులో సీసాకు కొన్ని వందల రూపాయల మీద బేరమాడుతుంది. తిమ్మాపూర్ గుర్రాలకు ఇప్పట్లో విశ్రాంతి దొరికేటట్లు లేదు. సెలైన్ సీసా పక్కన ఎడ్రినలిన్ సిరంజిని నర్సు ఈ రాత్రి కూడా సిద్ధంగానే ఉంచుతుంది.